ముప్పై డిగ్రీల తేడా

వర్గల్ గుట్ట మీద విద్యా సరస్వతి గుడి. లోపల పసివాళ్లు పలక మీద అక్షరాలు దిద్దుతుంటే, బయట మెట్ల మీద ఓ ఇంటర్ అమ్మాయి గొణుక్కుంటోంది. క్వార్టర్లీలో మార్కులు పోయింది ఇక్కడే మరి!

ఇథైల్ ఆల్కహాల్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు ఆల్కహాల్ అణువులు కలిసి, ఒక నీటి అణువును వదిలి ఈథర్ అవుతాయి. 170 డిగ్రీలైతే ఒక్కో అణువూ నీటిని పోగొట్టుకుని ఇథిలీన్ వాయువు అవుతుంది. పుస్తకమేమో ఆ అంకెను బాణం గుర్తు మీద చీమ తలకాయంత వేస్తుంది. అసలు కథంతా అక్కడే ఉంది.

‘‘బెల్లం, నీళ్లు అవే గదనే’’ అంది ప్రసాదం తింటున్న అమ్మ. ‘‘తీగపాకం కాడ దించకుంటే ముదురుపాకమైతది.’’

అమ్మాయి పుస్తకం మూసింది. ‘‘అంటే ఈథర్ తీగపాకం!’’