కుండీ పక్కన కుర్చీ

మాట పెగలని రోజుల్లో కాగితాలు పక్కన పెట్టి, బాల్కనీలోకి కుర్చీ లాక్కుంటాను. ఉన్నవి ఆరే కుండీలు. అందులో ఒకటి చిల్లిపడ్డ బకెట్టు. సాయంత్రం నాలుగు దాటాక చంద్రకాంత మొగ్గ మెలి విప్పుకుంటుంది. కళ్ళప్పగించి చూస్తే కదలదు. కాఫీ గ్లాసు లోపల పెట్టి వచ్చేసరికి విచ్చుకుని ఉంటుంది. నా వాక్యాలదీ అదే పెంకితనం.

మల్లెకి చలికాలం చివర ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేగానీ వేసవిలో విరగబూయదు. మొదట్లో చెయ్యి ఆడలేదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో విన్నవాళ్ళం కదా, పువ్వు తుంచాలన్నా జంకే! నిరుడు మాత్రం మొండిగా కత్తెర వేశాను. అదే వారం ఒక కథలో మొదటి రెండు పేజీలూ కొట్టేశాను. మల్లె ఏప్రిల్లో పూసింది. కథ ఇంకా సొరుగులోనే ఉంది.