ఇంజను ఆపాకే కనిపించింది

మాది డోర్నకల్. రైలు కూత వినకుండా మాకు తెల్లవారదు గానీ, సముద్రపు గాలి తగలాలంటే మాత్రం ఆ రైలెక్కి చాలా దూరమే పోవాలి. అందుకే కిందటి జనవరిలో పూరీ జగన్నాథుడి దర్శనానికి వెళ్లినప్పుడు, బరంపురంలో ఉండే మా ఆడబిడ్డ "ఎలాగూ వచ్చారు కదా వదినా, సాతపడా పోయి డాల్ఫిన్లను కూడా చూద్దాం" అనగానే సరేనన్నాను.

సాతపడా పూరీకి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, చిల్కా సరస్సు ఒడ్డున ఉంటుంది. చిల్కా పేరుకే సరస్సు. నదుల మంచినీళ్లూ, సముద్రపు ఉప్పునీళ్లూ అందులో కలుస్తాయి. పొద్దున్నే సకినాల డబ్బా, పులిహోర సర్దుకుని మోటారు పడవ ఎక్కాం.

అరగంట గడిచినా నీళ్లు తప్ప ఏమీ లేవు. మా చిన్నోడు "డాల్ఫిన్లు ఏవమ్మా?" అని ఒకటే సతాయింపు. నాకూ లోపల ఉక్రోషంగానే ఉంది. ఇంత డబ్బు పోసి, చూడకుండానే పోతామా? అంతలో దూరంగా నాలుగైదు పడవలు ఒకచోట గుమిగూడి కనిపించాయి. "అటు పోనివ్వమను, తొందరగా!" అని ఆడబిడ్డను తొందరపెట్టింది నేనే. ఆమె పడవ నడిపే పెద్దాయనకు ఒరియాలో చెప్పింది.

దగ్గరికి వెళ్లేసరికి బోర్లించిన కుండలాంటి బూడిదరంగు తల ఒకటి నీళ్లలోంచి లేచింది. పక్కనే ఇంకో చిన్న తల. "తల్లీ పిల్లా!" అని మా వాళ్లు అరిచారు. అంతే, పడవలన్నీ అటు తిరిగాయి. అవి మునిగాయి. మళ్లీ లేచిన చోటికల్లా పడవలు పరుగు తీశాయి. మళ్లీ మునిగాయి.

పెద్దాయన ఏదో గొణిగాడు. ఏమిటని అడిగితే ఆడబిడ్డ చెప్పింది. "అవి ఊపిరి పీల్చుకోవడానికే పైకొస్తాయట వదినా. తరమకపోతేనేమో డాల్ఫిన్ని చూపించలేదని జనం తిడతారట."

నా గుండె కలుక్కుమంది. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే గాలి పీల్చి బతికేది. దాదాపు 14 నెలలు మోసి, ఒక్క పిల్లను కని, పాలిచ్చి పెంచుకునేది. నా మొదటి కాన్పులో చూడవచ్చిన వాళ్లంతా మంచం చుట్టూ మూగితే, పసిదానికి పాలివ్వడానికి నేనెంత అవస్థపడ్డానో గుర్తొచ్చింది. వాళ్లూ ప్రేమతో వచ్చినవాళ్లే!

"పక్కకు తీసి ఇంజను ఆపేయమను" అన్నాను. మావారు "ఇంత దూరం వచ్చి ఇదేంటి?" అన్నారు. చిన్నోడు మూతి ముడిచాడు. కాసేపటికి మిగతా పడవలు వెళ్లిపోయాయి. పావుగంట దాటింది. మావారు గడియారం చూసుకుంటుండగా 'బుస్సు'మని చప్పుడు. డాల్ఫిన్ ఊపిరి! కొంచెం దూరంలో తల్లి, దాని పక్కనే పిల్ల. సినిమాల్లోలా ఎగరలేదు. వంగిన వీపు, చిన్న రెక్క చూపించి తాపీగా మునిగాయి. అలా మూడుసార్లు. మా పడవలో ఎవరూ మాట్లాడలేదు.

వీటిని ఇరావదీ డాల్ఫిన్లంటారు. పేరు బర్మా నదిదే గానీ, 1852లో మన విశాఖపట్నం రేవులో దొరికినదాన్ని బట్టే 1866లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ జాతిని వర్ణించాడు. ఒక లెక్కన మన ఆడపడుచులే! సముద్రంలోకి పోయే దారి ఇసుకతో పూడి చిల్కా పాడవుతుంటే, 2000 సంవత్సరంలో కొత్త దారి తవ్వి బాగుచేశారు. ఇప్పుడక్కడ ఉన్న డాల్ఫిన్లు సుమారు 150. వలల్లో చిక్కుకోవడం, మోటారు పడవల కింది రెక్కలు తగలడం వాటికి పెద్ద గండాలు.

పడవవాళ్లను అని లాభం లేదు. వాళ్లు తరిమేది మనలాంటి వాళ్లు తొందరపెడితేనే కదా! మీరూ వెళితే, ఎక్కకముందే ఒక్క మాట చెప్పండి. "వెంటపడొద్దు, దూరంగా ఆపు. కనిపించకపోయినా నీ డబ్బులు నీకిస్తాం" అని. తినుబండారాల కవర్లు నీళ్లలో పడేయకుండా సంచిలో వేసుకుని తెచ్చేయండి.

ఊరికి తిరిగొచ్చాక మా చిన్నోడు అందరికీ చెప్పింది డాల్ఫిన్ ఎలా ఉందని కాదు, ఎలా ఊపిరి తీసిందని.