సిల్వర్ పేపర్లో జొన్నరొట్టె

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మాది పత్తికొండ దగ్గర తండా. డిగ్రీ అయినాక కర్నూలులో ఒక ఆఫీసులో చేరినా. ఒక సోమవారం ఊరి నుంచి నేరుగా డ్యూటీకి పోయినా. యాడి చేసిచ్చిన జొన్నరొట్టెలు సిల్వర్ పేపర్లో చుట్టుకున్నా. మధ్యాహ్నం అందరూ మైక్రోవేవ్ ఓవెన్లో అన్నం వేడి చేసుకుంటుంటే, నేనూ పొట్లం అట్లే పెట్టి బటన్ నొక్కినా. టపటపమని నీలం మెరుపులు! ఎవరో పరిగెత్తుకొచ్చి ఆపేసినారు. వెనక నుంచి ఒక మాట: "తండా నుంచి వచ్చినోళ్లకు ఇవేం తెలుస్తాయిలే."

రెండు రోజులు రొట్టె తేవడమే మానేసినా. కానీ ఒక ప్రశ్న నిద్ర పోనియ్యలేదు. లోహం పెట్టకూడదంటారు, మరి ఓవెన్ లోపలి గోడలు లోహమే కదా? నవ్వినోళ్లను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయినారు. నేనే వెతికి చదువుకున్నా.

ఓవెన్ తరంగాలు సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతాయి. తిండిలోని నీటి అణువులు వాటితో పాటు తిరగబోయి, ఒకదాన్నొకటి తోసుకొని వేడెక్కుతాయి. గాజు, పింగాణీల గుండా తరంగాలు దాటిపోతాయి. లోహం మాత్రం తిప్పికొడుతుంది, యాడి ఫేటియా మీది అద్దాలు ఎండను తిప్పికొట్టినట్టు. అందుకే నున్నని లోహపు గోడలు తరంగాలను లోపలే ఉంచుతాయి. తలుపు జాలీ కూడా అంతే. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జాలీ రంధ్రాలు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. వెలుగు దూరుతుంది, తరంగం దూరలేదు.

మరి మెరుపులెందుకు? పలుచని, నలిగిన అంచుల్లో, ఫోర్కు మొనల్లో విద్యుత్తు బలం ఒకచోట పోగవుతుంది. అక్కడి గాలి తట్టుకోలేక నిప్పురవ్వ ఎగురుతుంది. బంగారు అంచు కప్పులూ అంతే. మూతపెట్టిన స్టీలు డబ్బాలోకైతే తరంగాలే పోవు, అన్నం వేడెక్కదు. ఐస్‌క్రీం డబ్బాల్లాంటి పలుచని ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఖాళీ ఓవెన్ తిప్పొద్దు, గుడ్డు పెంకుతో పెట్టొద్దు, పేలుతుంది. రవ్వలొస్తే ముందు ఆపేయండి.

ఇంకో మాట. ఈ ఓవెన్‌కు 1945లో పేటెంటు కోరింది అమెరికాలో పెర్సీ స్పెన్సర్. 12 ఏళ్లకే మిల్లు పనికి పోయినాయన, బడి చదువు పూర్తి చేయలేదు. రాడార్ గొట్టం దగ్గర నిలబడితే జేబులో మిఠాయి కరిగిందంట. "ఎందుకు?" అని అడిగినాడు, అంతే.

ఇప్పుడు రొట్టెను గాజు ప్లేటులో పెట్టి, మీద నాలుగు నీటిచుక్కలు చల్లి వేడి చేసుకుంటా. మొన్న కడప వైపు నుంచి ఒక చెల్లెలు కొత్తగా చేరింది. చేతిలో స్టీలు డబ్బా, ఓవెన్ ముందు నిలబడి అటూ ఇటూ చూస్తోంది. ఎవరూ నవ్వకముందే పోయి, "ఇట్లియ్యమ్మా" అని ప్లేటు అందించినా. ఎందుకో కూడా చెప్పినా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తెలియకపోవడం తప్పు కాదు. ఇంటి రొట్టె మాత్రం మానొద్దు.