నొప్పి తెలియకుండా పచ్చబొట్టు?

టాటూ వేయించుకుంటానని మా చెల్లెలు ఆన్‌లైన్‌లో మొద్దుబార్చే క్రీమ్ తెప్పించింది. అందులో మొద్దుబార్చే మందు లిడోకెయిన్ ఎంత శాతం ఉందో ట్యూబు మీద ఎక్కడా లేదు. అది చూశాక భయమేసి ఇది రాస్తున్నా.

లిడోకెయిన్ చర్మం మీదే ఆగిపోదు, రక్తంలోకి దిగుతుంది. వీపంతా, తొడంతా పూసి పైన ప్లాస్టిక్ చుట్టి ఉంచితే ఇంకా ఎక్కువ దిగుతుంది. మోతాదు మించితే గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ రావొచ్చు, ఊపిరి అందకపోవచ్చు. అమెరికాలో లేజర్‌తో వెంట్రుకలు తీయించుకునే ముందు ఇలాగే కాళ్లకు పూసి చుట్టుకున్న ఇద్దరమ్మాయిలు చనిపోయారని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరించింది. ఒకరికి 22, ఇంకొకరికి 25 ఏళ్లు. మందుల చీటీ లేకుండా అమ్మేవాటిలో లిడోకెయిన్ 4 శాతం మించితే వాడొద్దని 2024లో మళ్లీ చెప్పింది, ఈసారి టాటూల పేరెత్తి మరీ. సూది గుచ్చాక పచ్చిగా ఉన్న చర్మానికి పూయడం మరీ ప్రమాదం.

రెండు పెగ్గులేసుకుని వెళ్లమనే స్నేహితుల మాటా వినొద్దు. మందు తాగినా, ఆస్పిరిన్ వేసుకున్నా రక్తం ఎక్కువ కారుతుంది. (డాక్టర్ రాసిచ్చిన ఆస్పిరిన్ మాత్రం సొంతంగా ఆపకండి.)

చెల్లికి చెప్పింది ఇదే: కడుపునిండా తిని వెళ్లు. మొదటిది చిన్నదిగా, జబ్బ మీద వేయించుకో. పక్కటెముకల మీద, పాదం మీద నొప్పి ఎక్కువ. క్రీమ్ తప్పదనుకుంటే ముందు చర్మ డాక్టర్ని అడుగు. మధ్యలో నోటి చుట్టూ తిమ్మిరెక్కినా, చెవుల్లో హోరుమన్నా, తల తిరిగినా మొహమాటపడకు. ఆపించి, క్రీమ్ తుడిపించి, వెంటనే ఆస్పత్రికి వెళ్లు.