108 ప్రదక్షిణలు చేసిన కాళ్లు

చిలుకూరు నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె మా క్లినిక్‌కు వచ్చింది. చేతిలో ప్రసాదం పొట్లం, చంకలో పాస్‌పోర్టులున్న సంచి. "మొక్కు తీరింది సార్. వీసా రాకముందు 11 చుట్లు, వచ్చినంక 108. ఒక్కసారి గూడ కూసోలే" అంది. వయసు 63. బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించిన తల్లి. బిడ్డ డాలస్‌లో ఉంటుంది, నెలలు నిండుతున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఆరు నెలలకని వెళ్తున్నారు.

కరీంనగర్ జిల్లాలో జనరల్ ఫిజీషియన్‌గా పాతికేళ్లు దాటింది నాకు. విదేశం వెళ్లేవాళ్లను చూడటం ఇక్కడ రోజువారీ పని. పొలం పని వదిలి గల్ఫ్ పోయేవాళ్లు, అమెరికాలో పురుడు పోయడానికి వెళ్లే అమ్మలు, ఆగస్టు సెమిస్టర్‌కు బయల్దేరే పిల్లలు, అందరూ ఇదే బల్ల ముందు కూర్చుంటారు. ఆ రోజు ఆమె విషయంలో చేయాల్సినవన్నీ చేశాననే అనుకున్నాను. బీపీ చూశాను, ఈసీజీ తీయించాను, క్రియాటినిన్ చేయించాను. ఆరు నెలల మందులు రాశాను. మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి ఒలిచి ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుంటానంటే వద్దన్నాను. చీటీ మీద ఊళ్లో పిలిచే పేరు కాకుండా పాస్‌పోర్టులో ఉన్న పేరే రాశాను. ఈ చిన్న తేడా వల్ల విమానాశ్రయంలో ఇబ్బంది పడ్డవాళ్లున్నారు.

భర్తకు ఇన్సులిన్. అది పెద్ద పెట్టెలో వేయొద్దనీ, చేతి సంచిలోనే ఉండాలనీ చెప్పాను. విమానం అడుగున సామాన్లుండే చోట గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు. గడియారం సంగతీ చెప్పాను. ఎండాకాలంలో మనకు రాత్రి 9 గంటలంటే డాలస్‌లో అదే రోజు పొద్దున 10:30. పడమరకు వెళ్తుంటే రోజు సాగుతుంది. చేతి గడియారం చూసి సూది వేసుకుంటే ఒక మోతాదు తప్పడమో, రెండు దగ్గరపడటమో జరుగుతుంది. కాగితం మీద గీతలు గీసి, ఏ విమానంలో ఎన్ని యూనిట్లో రాసిచ్చాను.

ఆమె కాళ్ల మీద మెలికలు తిరిగి ఉబ్బిన సిరలు కూడా చూశాను. ఏళ్ల తరబడి బాసింపట్టు వేసుకుని చాట ముందు కూర్చున్న కాళ్లు. "నొప్పి ఉందా అమ్మా?" అన్నాను. లేదంది. అక్కడితో వదిలేశాను.

డాలస్ చేరిన మూడో రోజు బిడ్డ ఫోన్ చేసింది. అమ్మ ఎడమ కాలు తొడ దాకా వాచిందట, పిక్క ముట్టుకోనివ్వడం లేదట. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లమన్నాను. స్కానింగ్‌లో లోతు సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. ఆ గడ్డ కొంచెం కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ఆమె నాకు మళ్లీ కనిపించేది కాదు. రక్తం పలచబడే మందులు మొదలుపెట్టారు. పురుడు పోయడానికి వెళ్లిన తల్లికి తొమ్మిదో నెల గర్భంతో ఉన్న బిడ్డే సేవ చేసింది.

ఆరు నెలల తర్వాత తిరిగొచ్చాక అడిగాను, విమానంలో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమని. మబ్బులు కనిపిస్తాయని బిడ్డ ముచ్చటపడి కిటికీ సీటు తీసుకుందట. భర్తకు వెనక వరసలో ఎక్కడో వచ్చింది. ఆమె పక్కన తెలియని మగమనిషి నిద్రపోతున్నాడు. "లేవమంటే ఆయన ఏమనుకుంటడో అని. నీళ్లు తాగితే బాత్రూంకు పోవాల్నాయె. అందుకే హైదరాబాద్‌ల ఎక్కంగనే నీళ్లు బంద్ పెట్టిన సార్" అంది. హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి డాలస్. ఆ రెండోదే దాదాపు 16 గంటలు. ఇంగ్లీషు రాదు కనుక రెండు చోట్లా వీల్‌చైర్ పెట్టించారు. కాళ్లు బాగోలేక కాదు, తోసే మనిషి దారి చూపిస్తాడని. మన ఊళ్ల అమ్మానాన్నలు ఎంతమందో ఇలాగే వెళ్తారు. పిల్లల ఆలోచనలో తప్పులేదు. కానీ విమానాశ్రయాల్లో నడవాల్సిన ఆ కాస్త నడకా పోయింది. చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేసిన కాళ్లు ఒక రోజంతా నేల మీద సరిగ్గా ఆనలేదు.

కాళ్లలోని రక్తం తనంతట తాను గుండెకు ఎక్కదు. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి దాన్ని పైకి పిండుతుంది. గంటల తరబడి కదలకపోతే రక్తం అక్కడే నిలిచి గడ్డకట్టవచ్చు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణం తర్వాత ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందనీ, అయినా దాదాపు 6,000 మందిలో ఒకరికే వస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. వయసు, బరువు, ఉబ్బిన సిరలు తోడైతే ఆ లెక్క మారిపోతుంది. ఈ పాఠం నేను చదివిందే. పరీక్షలో రాసిందే. నా ఎదుట కూర్చున్న మనిషిని "ఏ సీటమ్మా?" అని అడగాలని మాత్రం తోచలేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరు టికెట్ అన్నా ముందు ప్రయాణం గురించే అడుగుతున్నాను. ఎక్కడికి, ఎప్పుడు, ఏ దారిన, ఏం తీసుకుని. అడుగుతుంటే ఎన్ని బయటపడ్డాయో.

బోర్ల పని మీద ఉగాండా వెళ్తున్న కుర్రాడు దగ్గు మందు కోసం వచ్చాడు. బుధవారం వచ్చాడు, శనివారం ఫ్లైట్. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నావా తమ్మీ అంటే అదేంటన్నాడు. ఉగాండాలో దిగేవాళ్లు ఆ టీకా వేయించుకున్నట్టు పసుపు పచ్చ కార్డు చూపించాల్సిందే. టీకా వేసిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది. శనివారం ఎక్కినా లాభం లేదు. "డబ్బులిస్తే పాత తేదీ ఏసి ఇస్తరట సార్" అన్నాడు మెల్లగా. కుర్చీ దగ్గరకు జరుపుకుని చెప్పాను. తేదీ వెనక్కి వేయొచ్చు, ఒంట్లో రోగనిరోధక శక్తిని వెనక్కి వేయలేం. ఎల్లో ఫీవర్‌కు ఈ రోజుకూ మందు లేదు, టీకా ఒక్కటే దిక్కు. పైగా ఇది అతనొక్కడి సంగతి కాదు. ఆ జబ్బును మోసే ఏడిస్ దోమ మన ఇళ్లలోనే ఉంది, మనకు డెంగీ తెచ్చేది అదే. దోమ ఉంది, జబ్బు లేదు. అందుకే ఆ జబ్బు ఉన్న దేశాల నుంచి కార్డు లేకుండా దిగినవాళ్లను మన ప్రభుత్వం ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతుంది. టికెట్ మార్పించుకున్నాడు, కొంత డబ్బు పోయింది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్లి వేయించుకొచ్చాడు. ఆంధ్రవాళ్లకైతే విశాఖపట్నం పోర్టు ఆరోగ్య సంస్థ ఉంది. 2016 జూలై నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు తింటే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లూ, గర్భిణులూ, అరవై దాటినవాళ్లూ ముందే డాక్టరుకు చెప్పాలి. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా.

అతనికి మలేరియా మాత్రలూ రాశాను. "మలేరియా మనకు కొత్తనా సార్?" అన్నాడు. చాలామంది ఇదే మాట అంటారు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, రెండు మూడు రోజుల్లోనే మెదడుకు ఎక్కగలదు. డాక్సీసైక్లిన్ అయితే బయల్దేరే ముందు రోజు మొదలుపెట్టి, ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. వచ్చాక జ్వరమొస్తే ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మొదటి మాటగా "ఆఫ్రికా నుంచి వచ్చిన" అని చెప్పమన్నాను. రెండుసార్లు చెప్పించుకున్నాను.

గల్ఫ్ వెళ్లేవాళ్ల కథ వేరు, అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. జగిత్యాల వైపు నుంచి ఒకతను వచ్చాడు. ఎనిమిదేళ్ల కిందట టీబీ వచ్చింది, ఆరు నెలల కోర్సు పూర్తిచేశాడు, పూర్తిగా నయమైంది. ఛాతీ ఎక్స్‌రేలో మాత్రం పైభాగాన చిన్న మచ్చ మిగిలింది, ఒకప్పుడు కాలిన చోట ఉండే గుర్తులాంటిది. గల్ఫ్ మెడికల్‌లో ఆ మచ్చ చూసి అన్‌ఫిట్ అన్నారు. అప్పటికే ఏజెంటుకు డబ్బు కట్టేశాడు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. నయమైందని నేను ఇచ్చిన సర్టిఫికెట్ అక్కడ పనికిరాలేదు. ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటు ముందు పట్టుకుని, "గీ సుక్క తీసేటట్టు మందు లేదా సార్?" అని అతను అడగడం నేను మరిచిపోలేను. అందుకే ఊళ్లలో ఎక్కడ మాట్లాడమన్నా ఒకటే చెబుతాను. ఏజెంటు చేతిలో రూపాయి పెట్టకముందు, అప్పు కాగితం మీద వేలు పెట్టకముందు, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు సొంతంగా చేయించుకోండి. ఏమైనా బయటపడితే ఇక్కడే వైద్యం మొదలవుతుంది, అప్పు మాత్రం మొదలవదు.

మెడికల్ పాసైనవాళ్ల పెట్టె కూడా చూస్తాను, విప్పి చూపించమంటాను. నడుం నొప్పికి ఎవరో రాసిచ్చిన ట్రమడాల్, నిద్రపట్టడానికి ఆల్‌ప్రాజోలం, కోడీన్ కలిసిన దగ్గు సిరప్. ఇక్కడ మందుల షాపులో దొరికేవే. దుబాయ్, అబుదాబిల్లో అవి నియంత్రిత మందుల కింద లెక్క, ముందస్తు అనుమతి లేకుండా పట్టుబడితే కేసు. ఇంకొకరి పెట్టెలో తల్లి కట్టిచ్చిన చికెన్ మసాలా పొడి ఉంది. ఏమేం వేశావమ్మా అంటే ధనియాలు, లవంగాలు, యాలకులు, గసగసాలు అని వేళ్లు మడిచింది. గసగసాలు ఎమిరేట్స్‌లో, సౌదీలో, ఖతర్‌లో నిషేధం. నల్లమందు మొక్క గింజలే అవి. మన కూర రుచి అక్కడ జైలు అవుతుంది. ఆమె నా మాట నమ్మడానికి చాలాసేపు పట్టింది. పొడి పక్కన పెట్టి, గసగసాలు లేకుండా మళ్లీ దంచి పంపింది. ఊరివాళ్లు ఇచ్చే పొట్లాలు విప్పి చూడకుండా తీసుకోవద్దనీ చెప్పాను.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు నెల మందులతో వెళ్తారు. అక్కడ సెలవడిగితే జీతం కోస్తారని డాక్టరు దగ్గరికి పోరు. రెండేళ్ల తర్వాత కాళ్ల వాపుతో దిగుతారు, క్రియాటినిన్ చూస్తే కిడ్నీలు సగానికి పైగా పోయి ఉంటాయి. బీపీకి మందు లేక, ఎండలో నీళ్లు చాలక. ఎంతమందిని డయాలసిస్‌కు రాశానో.

చదువులకు వెళ్లే పిల్లలు తేలిగ్గానే గట్టెక్కుతారు, సమయానికి వస్తే. యూనివర్సిటీలు అడిగేది ఎక్కువగా ఎంఎంఆర్ రెండు డోసులు. రెంటి మధ్య 28 రోజులుండాలి. జూలై చివర ఫారం పట్టుకొస్తే ఆ 28 రోజులు నేను ఎక్కడి నుంచి తేను? చిన్నప్పటి టీకా కార్డు ఇంట్లో వెతకమంటాను. దొరక్కపోతే మళ్లీ వేయించుకోవడంలో నష్టం లేదు.

ఇంకొకరి సంగతి చెప్పాలి. రిటైరైన టీచరు గారు, రెటీనా ఊడితే హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. పది రోజుల్లో ఆస్ట్రేలియా ప్రయాణం, కొడుకు గృహప్రవేశం. కంట్లో గ్యాస్ పెట్టారా అని అడిగాను. బోర్లా పడుకోమన్నారని చెప్పారు, దాంతో అర్థమైంది. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నట్టుండదు, ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. ఊటీ ఎత్తు 7,300 అడుగులకు పైమాటే. ఆ ఎత్తున గ్యాస్ దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. కంటి గుడ్డులో ఉబ్బడానికి చోటెక్కడిది? రక్తనాళం మూసుకుపోయి ఉన్న చూపు పోతుంది. కంటి డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడాను. గ్యాస్ పూర్తిగా కరిగేదాకా విమానమే కాదు, ఊటీ కూడా వద్దన్నారాయన. మాస్టారు గృహప్రవేశం ఫోన్‌లో చూశారు. రెండు కళ్లతో.

మొన్న ఆమె మళ్లీ వచ్చింది. బిడ్డకు రెండో కాన్పు. ఈసారి టికెట్ కాగితం తీసి ముందుగా నా బల్ల మీద పరిచింది. "దారి పక్క సీటే సార్, చూడుండ్రి. ఈయనకే కిటికీ" అంది. ఎక్కే ముందు వేసుకోవాల్సిన రక్తం పలచబడే మాత్ర రక్తనాళాల డాక్టరు రాశారు. మోకాళ్ల దాకా వచ్చే బిగుతు సాక్సులు తెచ్చుకుంది గానీ తొడుక్కోవడం రాలేదు. మా నర్సు నేల మీద కూర్చుని మడమ దగ్గర ఎలా తిప్పి ఎక్కించాలో మూడుసార్లు చూపించింది. నాలుగోసారి ఆమే ఎక్కించుకుంది, చెమటలు పట్టాయి.

"వీల్‌చైర్?" అన్నాను.

"వద్దన్న బిడ్డకు. అడుక్కుంట నడుస్త. కానీ ఇంగ్లీషుల ఎట్ల అడుగుడు?"

లెటర్‌ప్యాడ్ మీద మందుల వివరాల కింద కొంచెం చోటు మిగిలింది. అక్కడ ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాను: నాకు ఇంగ్లీషు రాదు, నేను నడవగలను, డాలస్ విమానం గేటు ఎటో చూపించండి. ఏం రాశానో తెలుగులో చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. చదివాను. కాగితం నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టులో వీసా ఉన్న పేజీలో దాచుకుంది.