పద్నాలుగు రోజులు, నాలుగు పట్టణాలు

ఐరోపా యాత్ర అనగానే మనవారి చేతికి మొదట వచ్చేది టూరు కంపెనీవారి రంగుల కరపత్రం. పద్నాలుగు రోజులు, తొమ్మిది దేశాలు, ఉదయం ఒక దేశంలో కాఫీ, రాత్రికి మరొక దేశంలో భోజనం. మాకూ అటువంటిది ఒకటి వచ్చింది. తీరిగ్గా కూర్చుని లెక్క వేస్తే, బస్సులో కూర్చునే గంటలే సగానికి పైగా ఉన్నాయి. చూసేదానికంటె కిటికీలోనుండి దాటిపోయేదే ఎక్కువ. అందుచేత మేము నలుగురం, అంటే రెండు జంటలం, అందరమూ అరవై దాటినవారం, ఆ కాగితం పక్కన పెట్టి మా యాత్రను మేమే ఏర్పాటు చేసుకొన్నాం. ప్రభువు కృపవలన క్షేమంగా వెళ్ళి వచ్చాం. మన సంఘాలలో ఇప్పుడు పిల్లలు విదేశాలలో ఉన్న తలిదండ్రులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఇటువంటి ప్రయాణం గురించి అడుగుతున్నారు గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాం.

మొదట డబ్బు సంగతి. మా సంఘంలో ఒక పెద్దాయన అడగనే అడిగారు: “ఏమండీ మాస్టారూ, ఆ సొమ్ముతో మన మందిరం వెనుక గది కప్పు వేయవచ్చు గదా?” న్యాయమైన ప్రశ్నే. నలుగురమూ దానిమీద చాలాసార్లు మాట్లాడుకొన్నాం. అప్పు చేసి గాని, పొలం తాకట్టు పెట్టి గాని, ఆడపిల్ల చదువు కోసం దాచినది తీసి గాని వెళ్ళరాదని మొదట తీర్మానించుకొన్నాం. దశమ భాగం, మందిరానికి ఇస్తామన్న చందా ముందు ఇచ్చివేశాం. మిగిలిన దానితోనే ప్రయాణం. అందువల్ల రెండు సంవత్సరాలు ఆలస్యమైంది. ఆ పెద్దాయన పూర్తిగా ఒప్పుకొన్నారని చెప్పలేము గాని, బయలుదేరేముందు ప్రార్థన చేసి పంపినది ఆయనే.

యూరో విలువ అప్పట్లో నూరు రూపాయల చుట్టుపక్కల ఉండేది. విమానం, వీసా, బస, రైళ్ళు, తిండి అన్నీ కలిపి మనిషికి రెండు లక్షల ఇరవై వేల రూపాయల దాకా అయింది. ఇద్దరు ఒక గదిలో ఉండి, ఉదయం బసలో ఇచ్చే ఫలహారం బాగా తిని, మధ్యాహ్నం రొట్టె, పండ్లు కొనుక్కొని, రాత్రి మాత్రమే హోటలులో తింటే వచ్చిన లెక్క ఇది.

ఇక దేశాలు. లండన్ చూడాలని ఎవరికి ఉండదు? కాని బ్రిటన్‌కు వేరే వీసా కావాలి, దానికి వేరే రుసుము. షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలలో తిరగవచ్చు. కాబట్టి లండన్ మానుకొన్నాం. పారిస్, రోమ్, జెనీవా కూడా మానుకొన్నాం. జెనీవాలో కాల్విన్ బోధించిన సెయింట్ పియెర్ దేవాలయం, సంస్కర్తల పెద్ద రాతి గోడ ఉన్నవని తెలుసు. కాని స్విట్జర్లాండ్‌లో రెండు రాత్రులకయ్యే ఖర్చుతో జర్మనీలో నాలుగు రాత్రులు ఉండవచ్చు. విడిచిపెట్టడం నేర్చుకోకపోతే మొదటి యాత్ర సాగదు.

విమానాలకే రెండు రోజులు పోతాయి. మిగిలేది పన్నెండు రాత్రులు. వాటిని ఇలా పంచాం: ఆమ్‌స్టర్‌డామ్ మూడు, బెర్లిన్ రెండు, లైప్‌జిగ్ నాలుగు, ప్రాగ్ మూడు. ఒక శనివారం రాత్రి బయలుదేరి, రెండు వారాల తరువాత శనివారానికి ఇల్లు చేరాం. విమానం టిక్కెట్టు ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగేటట్టు, ప్రాగ్‌లో ఎక్కేటట్టు ఒకే టిక్కెట్టుగా తీసుకోవాలి. వెళ్ళిన చోటికే తిరిగి రావాలంటే ఒక పగలు, ఒక రైలు చార్జీ వృథా.

వీసా ఏ దేశానికి అడగాలంటే, ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి. మాకు జర్మనీలో ఆరు రాత్రులు గనుక జర్మనీ వీసాకు పెట్టుకొన్నాం. ప్రయాణానికి ఆరు నెలల ముందునుండి దరఖాస్తు పెట్టవచ్చు, 15 రోజులకు తగ్గరాదు. రుసుము పెద్దవారికి 2024 జూన్ నుండి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు తిరిగి వచ్చే తేదీ తరువాత ఇంకా మూడు నెలలైనా చెల్లాలి. బ్యాంకు కాగితాలలో ఆఖరి వారంలో హఠాత్తుగా పెద్ద మొత్తం కనబడితే వారికి అనుమానం. నెలనెలా పింఛను పడుతున్న సాదా పాసు పుస్తకమే మేలు. 2025 అక్టోబరు నుండి సరిహద్దులో వేలిముద్రలు, ఫోటో తీసుకొనే కొత్త పద్ధతి మొదలైంది. క్యూలో గంట నిలబడవలసి వచ్చినా కంగారు పడనక్కరలేదు.

పెట్టె సర్దేటప్పుడు అమ్మగార్లకు ఒక మాట. కోడి పచ్చడి, మాంసం పచ్చడి, నెయ్యి అక్కడికి తీసుకొని పోరాదు. బయటి దేశాలనుండి మాంసం, పాల పదార్థాలు తేవడం ఐరోపాలో నిషేధం. మామిడిపండ్లూ వద్దు. ఆవకాయ, కందిపొడి, చింతపండు పులిహోర పొడి మాకు ప్రాణం నిలిపాయి. పెట్టె మాత్రం చిన్నది. రైలు మెట్లమీద దానిని ఎత్తేవారు ఎవరూ ఉండరు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి రోజు నిద్ర, కాలువల ఒడ్డున నడక, అంతే. ఆన్ ఫ్రాంక్ ఇల్లు చూడాలంటే టిక్కెట్లు కంప్యూటరులోనే కొనాలి. ప్రతి మంగళవారం ఆరు వారాల తరువాతి టిక్కెట్లు విడుదల చేస్తారు. గుమ్మం దగ్గర దొరకవు. మాకు ఎక్కువగా గుర్తున్నది మాత్రం హార్లెమ్. ఆమ్‌స్టర్‌డామ్ నుండి రైలులో పావుగంట. కోరీ టెన్ బూమ్ గారి గడియారాల దుకాణం అక్కడ ఇప్పటికీ ఉన్నది. పైన వారి ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. ఆదివారం, సోమవారం ఉండదు. ముందుగా పేరు వ్రాయించుకోవాలి. రుసుము లేదు, కానుక పెట్టె ఉన్నది. కోరీ గారి పడక గదిలో ఇటుక గోడ వెనుక ఉన్న ఇరుకు చోటు చూశాం. 1944 ఫిబ్రవరి 28న నాజీ పోలీసులు ఇంటిమీద పడినప్పుడు ఆరుగురు అందులో దాగి బ్రతికారు. ఇంటివారిని పట్టుకొనిపోయారు. ముసలి తండ్రి పది రోజులకే ఖైదీగానే కన్నుమూశారు, అక్క బెట్సీ ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరంలో చనిపోయారు. మెట్లు నిచ్చెనలాగా నిటారుగా ఉంటాయి. మా వదినగారు మోకాళ్ళు పట్టుకొని ఎక్కారు, ఎక్కనని మాత్రం అనలేదు.

బుధవారం బెర్లిన్ రైలు, సుమారు ఆరు గంటలు. జర్మనీ రైళ్ళు గడియారంలాగా నడుస్తాయని మన ఊళ్ళో ఇంకా చెప్పుకొంటారు. అది పాత మాట, ఆలస్యాలు మామూలే. ఒక రైలు దిగి మరొకటి ఎక్కేచోట గంట తేడా ఉంచుకోండి. టిక్కెట్లు రెండు మూడు నెలల ముందు కొంటే చవక.

బెర్లిన్‌లో చూడవలసినవి వంద ఉన్నా, మేము బెర్నావర్ వీధికి అరపూట ఇచ్చాం. 1961లో కట్టిన గోడ ఆ వీధివెంట పోయేది. గోడల మధ్య ఖాళీ జాగాలో సమాధాన దేవాలయం అనే పెద్ద చర్చి చిక్కుకొని పోయింది. సంఘస్థులెవరూ లోనికి పోలేకపోయారు. 1985 జనవరిలో తూర్పు జర్మనీ ప్రభుత్వం దానిని మందుగుండుతో కూల్చివేసింది. నాలుగు సంవత్సరాలకు గోడే పోయింది. అదే స్థలంలో 2000లో చిన్న ప్రార్థనాలయం కట్టారు, మట్టి గోడలతో. మన పల్లెలలో దిమ్మిస కొట్టినట్టు పొరలు పొరలుగా మట్టి కొట్టి లేపిన గోడలు, అందులో పాత చర్చి రాళ్ళ ముక్కలు కలిపి ఉన్నాయి. చుట్టూ రై ధాన్యం చేను. కాపలావారు మనుషులను కాల్చిన నేలమీద ఇప్పుడు పంట. మా బావగారు వ్యవసాయం చేసిన మనిషి. ఆ గోడను అరచేతితో తడిమి చూసి చాలాసేపు కదలలేదు.

శుక్రవారం ఉదయం లైప్‌జిగ్ చేరాం, గంటంపావు ప్రయాణం. ఈ పట్టణాన్ని ఎవరూ కరపత్రంలో వేయరు. మాకు మాత్రం యాత్ర అంతటికీ ఇదే గుండెకాయ. బసలు బెర్లిన్ కంటె చవక, చుట్టూ చూడవలసినవన్నీ గంట దూరంలో ఉన్నాయి. సెయింట్ థామస్ దేవాలయంలో బాక్ 1723 నుండి 1750లో చనిపోయేవరకు సంగీత నాయకుడు. ఆయన సమాధీ అందులోనే. పాఠశాల సెలవులు కాకపోతే శుక్రవారం, శనివారం అబ్బాయిల గాయక బృందం పాడుతుంది.

శనివారం హాలే వెళ్ళాం. రైలులో అరగంట. ప్రియ పాఠకులారా, మన తెలుగు క్రైస్తవులు జర్మనీ వెళితే తప్పక కాలు పెట్టవలసిన చోటు ఇది. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే పాదిరి ఇంట్లో బీదలకోసం ఒక కానుక పెట్టె ఉండేది. 1695లో ఎవరో అందులో నాలుగు థాలర్లు, పదహారు గ్రోషెన్లు వేశారు. ఆ కొద్ది సొమ్ముతో బీదపిల్లలకు బడి తెరిచాడు. అది అనాథాశ్రమమై, పాఠశాలలై, మందులశాలై, అచ్చుయంత్రమై ఒక చిన్న పట్టణమంత పెరిగింది. ముఖభాగం పైన రెండు పక్షిరాజులు సూర్యునివైపు ఎగురుతున్నట్టు చెక్కి ఉన్నాయి, క్రింద యెషయా 40వ అధ్యాయంలోని ఆఖరి వచనం. 1710లో బీదలకు చవకగా బైబిళ్ళు అందించడానికి స్థాపించిన సంస్థ కూడా ఇక్కడిదే.

హాలేలో చదివిన జీగెన్‌బాల్గ్ 1706 జూలై 9న తరంగంబాడిలో దిగాడు. ఆయన వెనుక వచ్చిన హాలే విద్యార్థి బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి మార్చాడు. ఆ అనువాదం అచ్చుకాలేదు. ఆయన 1743లో జర్మనీ తిరిగి వెళ్ళి, హాలేలోనే తెలుగు అక్షరాలతో చిన్న ప్రశ్నోత్తరి మొదలైన పుస్తకాలు 1746, 1747లలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు అవే. గుంటూరులో హయ్యర్ దొరగారు అడుగు పెట్టింది 1842లో. అంటే దానికి దాదాపు నూరేళ్ళ ముందు, మంచు కురిసే ఈ ఊళ్ళో, ఎవరో కూలివాడు అర్థం తెలియకుండానే మన అ ఆ లు ఒక్కొక్కటి పేర్చి ఉంటాడు. 1728లో కట్టిన పుస్తకశాల ఇంకా అలాగే ఉన్నది, చెక్క స్తంభాలు, నేలనుండి కప్పుదాకా పుస్తకాలు. అనాథాశ్రమ భవనం పై అంతస్తులో వింతవస్తువుల గది ఉన్నది, మిషనెరీలు దక్షిణ భారతదేశం నుండి పంపినవీ అందులో ఉన్నాయి. పాత తెలుగు ప్రతులు చూడదలచినవారు ముందుగా ఉత్తరం వ్రాసుకొని వెళ్ళాలి. మేము పుస్తకశాల గుమ్మంలో నిలబడి చిన్న స్వరంతో తెలుగులోనే ప్రార్థన చేసుకొన్నాం. అక్కడి కాపలా ఆమె ఏమీ అనలేదు. సోమవారం అంతా మూసి ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఆదివారం జర్మనీలో దుకాణాలు ఉండవు. శనివారమే రొట్టె, పాలు కొనుక్కోవాలి. మేము ఆరాధనకు పోయి మధ్యాహ్నమంతా విశ్రాంతి తీసుకొన్నాం. రెండు వారాలలో ఒక పూట ఏమీ చూడకుండా ఉంటేనే మిగతా రోజులు కాళ్ళు నడుస్తాయి. ఆరాధనలో తలలు నెరసినవారే ఎక్కువ. మనకు సువార్త పంపిన దేశంలో బల్లలు ఖాళీగా ఉండడం మాకు బాధ కలిగించింది. చివరలో ఒక ముసలమ్మ వచ్చి మా వదినగారి చేయి పట్టుకొని ఏదో చెప్పింది. భాష రాలేదు, చేయి మాత్రం చాలాసేపు వదలలేదు.

సోమవారం ఉదయం విట్టెన్‌బర్గ్. లూథర్ 1517లో 95 వాదాలు ప్రకటించిన కోట దేవాలయం అది. అసలు చెక్క తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1858లో పెట్టిన కంచు తలుపు, వాదాలన్నీ దానిమీదనే పోత పోసి ఉన్నాయి. లోపల లూథర్, మెలంక్తన్ ఇద్దరి సమాధులు. ఆయన బోధించిన పట్టణ దేవాలయం నాలుగడుగుల దూరం. దాని బయటి గోడపైన యూదులను నీచంగా అవమానించే రాతి బొమ్మ ఒకటి, మధ్యయుగాలది, ఇంకా ఉన్నది. నేలమీద 1988లో పెట్టిన పశ్చాత్తాప ఫలకం కూడా ఉన్నది. 1543లో లూథర్ యూదులమీద వ్రాసిన కఠినమైన వ్రాతల సంగతి మన సండేస్కూలులో ఎవరూ చెప్పలేదు. హార్లెమ్‌లో ఆ ఇటుక గోడ చూసివచ్చిన కళ్ళతోనే ఇదీ చూశాం. తలుపు ముందు ఫోటో తీసుకొని వెళ్ళిపోయేవారు చాలామంది. ఈ గోడ దగ్గర కూడా ఆగాలని మా అభిప్రాయం.

సాయంత్రం ఐదింటికి లైప్‌జిగ్ సెయింట్ నికొలస్ దేవాలయంలో సోమవారపు శాంతి ప్రార్థనకు తిరిగి వచ్చాం. 1980ల మొదటినుండి జరుగుతున్న ప్రార్థన అది. 1989 అక్టోబరు 9న ఇక్కడనుండి లేచిన ఊరేగింపులో 70,000 మంది క్రొవ్వొత్తులతో నడిచారు. తుపాకి మ్రోగలేదు. నెల తిరగగానే బెర్లిన్ గోడ తెరుచుకొన్నది.

ప్రాగ్‌కు పోయే దారిలో డ్రెస్డెన్‌లో మూడు గంటలు ఆగాం, పెట్టెలు స్టేషను అరలలో పెట్టుకోవచ్చు. 1945 ఫిబ్రవరి బాంబులకు కూలిన ఫ్రావెన్ దేవాలయాన్ని రాళ్ళు ఏరి మళ్ళీ కట్టి 2005లో ప్రతిష్ఠించారు. గోపురం మీది బంగారు సిలువ చేసిన బ్రిటిష్ కంసాలి తండ్రి, ఆ బాంబులు వేసిన విమానాలలో ఒక పైలట్.

ప్రాగ్‌లో యూరో కాదు, కొరూనా. వీధిలో పిలిచి నోట్లు మార్చేవారి జోలికి పోకుండా బ్యాంకు యంత్రం నుండి తీసుకోండి. వంతెన, గడియారం అందరూ చూసేవే. మేము వెదుక్కొంటూ పోయినది బేత్లెహేము మందిరం. లూథర్‌కు నూరేళ్ళ ముందు, 1402 నుండి జాన్ హస్ అక్కడ చెక్ భాషలో, జనానికి అర్థమయ్యే మాటలతో బోధించాడు. 1415 జూలై 6న ఆయనను కాల్చి చంపారు. ఆ మందిరాన్నీ 1786లో పడగొట్టారు, 1950లలో తిరిగి కట్టారు. పాత పట్టణ కూడలిలో హస్ విగ్రహానికి కొద్ది దూరంలో, నేల రాళ్ళలో 27 తెల్ల సిలువలు పొదిగి ఉన్నాయి. 1621 జూన్ 21న అక్కడ మరణశిక్ష పొందిన 27 మంది నాయకుల గుర్తు అవి. జనం వాటిమీదుగానే ఐస్‌క్రీము తింటూ నడిచిపోతున్నారు. మేము ఒక పక్కగా నిలబడి ఇరవై ఏడూ లెక్కపెట్టాం.