అమ్మమ్మకు వీసా

పిల్లలూ! అమెరికాలో పుట్టిన మనవణ్ణి చూడటానికి అమ్మమ్మ బయలుదేరిందనుకోండి. టిక్కెట్టు ఒక్కటే చాలదు. "ఈమె మా మనిషి" అని మన ప్రభుత్వం ఇచ్చేది పాస్‌పోర్టు. "మా గుమ్మందాకా రావచ్చు" అని ఆ దేశం ఇచ్చేది వీసా.

ఒకప్పుడు తెలుగువాళ్లు దీనికోసం చెన్నైదాకా పోవలసి వచ్చేది. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సలేటు వెలిసింది. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది.

వేలిముద్రలు తీసుకున్నాక అధికారి ప్రశ్నలు వేస్తాడు. ఆయన ముఖ్యంగా తేల్చుకోవలసింది ఒకటే: ఈమె తిరిగి ఇల్లు చేరుతుందా? ఇంట్లో తాతయ్య, పెరట్లో గేదె ఎదురుచూస్తుంటాయని అమ్మమ్మ ఉన్నదున్నట్టు చెప్పాలి. అబద్ధమాడి పట్టుబడితే ఆ తలుపు మరెన్నడూ తెరుచుకోకపోవచ్చు.

విమానం దిగాక, గుమ్మం దగ్గర ఇంకో అధికారి ఉంటాడు. ఆయన సరేనన్న తరవాతే మనవడు ఒళ్లోకి వస్తాడు!